నెల్లూరులో బరువు తగ్గే ఆపరేషన్: సర్జన్‌తో పాటు డైటీషియన్‌ని కూడా చూసుకుని వెళ్లండి

మా ఆయనకి నెల్లూరు పొగతోటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్లీవ్ ఆపరేషన్ చేయించాం. కావలి నుంచి తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నారని అన్నీ ఒకేచోట రాస్తున్నా. నచ్చనివి కూడా రాస్తున్నాను కాబట్టి ఆసుపత్రి పేరు చెప్పను.

సర్జన్ గారికి వంక పెట్టడానికి లేదు. ఈయనకి షుగర్ ఉంది, రాత్రిళ్లు గురక మధ్యలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది. ఓపిగ్గా మూడు దారులు చెప్పారు. బెలూన్ అయితే కోత ఉండదు, కడుపులో పెట్టి మామూలుగా ఆరు నెలలకి తీసేస్తారు, తీశాక బరువు మళ్లీ పెరగొచ్చని ఆయనే అన్నారు. స్లీవ్ అంటే పొట్టలో (తిన్నది చేరే సంచిలో) 75-80 శాతం కోసి తీసేసి అరటికాయంత గొట్టం మిగులుస్తారు, తీసేసింది ఇక తిరిగి రాదు. బైపాస్‌లో పైన చిన్న సంచిలా చేసి నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. ఛాతీలో మంట ఎక్కువగా ఉన్నవాళ్లకి బైపాసే మేలట, స్లీవ్ తర్వాత ఆ మంట పెరిగే అవకాశం ఉంది. ఎండోస్కోపీ చేసి, ఈయనకి ఆ ఇబ్బంది లేదని చూశాకే స్లీవ్ అన్నారు. ఏ పరీక్షా లేకుండా డేట్ ఇస్తామనే చోట మాత్రం ఒప్పుకోకండి.

బిల్లు దగ్గర బాధపెట్టారు. ప్యాకేజీ అన్నారు, తీరా డిశ్చార్జి రోజు స్టేప్లర్లు విడిగా వేశారు. పొట్ట కోసి మూసేదే వాటితో, అవి లేకుండా ఆపరేషనే లేదు, మరి ప్యాకేజీలో ఎందుకు కలపరు? అడ్వాన్స్ కట్టకముందే కాగితం మీద రాయించుకోండి. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు పాలసీ కూడా చదువుకోండి: ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన నిబంధనల్లో బీఎంఐ (ఎత్తుని బట్టి చూసే బరువు లెక్క) కనీసం 40, లేదంటే 35తో పాటు అదుపులోకి రాని షుగర్, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) లాంటివి ఉండాలని రాశారు. పాలసీ తీసుకున్నాక ఇంతకాలం ఆగాలనే వెయిటింగ్ పీరియడ్ సంగతి వేరే.

అసలు కష్టం తిండి దగ్గరే. చేతిలో పెట్టిన డైట్ కాగితంలో ఓట్స్, బ్రోకలీ సూప్! ఆదివారం వస్తే చేపల పులుసు ఉడికే ఇల్లు మాది. అదే ఆసుపత్రిలో పనిచేసే డైటీషియన్ అమ్మాయి ఆ కాగితం పక్కనపెట్టి మన వంటలతో మళ్లీ రాసిచ్చింది. ముందు వడగట్టిన పెసరకట్టు, పల్చటి మజ్జిగ, ప్రొటీన్ పౌడర్. తర్వాత మెత్తగా మెదిపిన పప్పు, గుడ్డు. ఆ తర్వాత కారం, చింతపండు తగ్గించి వండిన చేప, ముళ్లు తీసి. రోజుకి 60-80 గ్రాముల ప్రొటీన్ ముందు, అన్నం అన్నిటికన్నా చివర. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. మా పాప ఉగ్గుగిన్నె అటక మీంచి దించి అందులోనే పెట్టేదాన్ని, అది కూడా ఖాళీ అయ్యేది కాదు.

అన్నం మొదలుపెట్టిన రోజు మాత్రం మర్చిపోలేను. మెత్తగా వండి పప్పు కలిపి పెట్టాను. రెండో ముద్దకే చెయ్యి ఆగిపోయింది, ఛాతీ మధ్యలో ఏదో అడ్డంపడిందన్నారు, నోటినిండా జొల్లు ఊరింది, కక్కుకున్నాక గానీ తేలికపడలేదు. ఆసుపత్రి నంబరు ఎవరూ ఎత్తలేదు. ఆ అమ్మాయికి వాట్సాప్ చేస్తే వెంటనే ఫోన్ చేసి, అన్నం జిగటగా ముద్దకట్టి అడ్డుపడుతుంది, కొన్నాళ్లు ఆపి గుడ్డు, చేపతోనే నడపండి, ప్రతి ముద్దా పిండి అయ్యేదాకా నమలాలి అని చెప్పింది. నీళ్లు కూడా దిగకపోయినా, జ్వరం, గుండెదడ, తగ్గని కడుపునొప్పి ఉన్నా ఆగకుండా ఎమర్జెన్సీకి రమ్మంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడాలి. కొన్ని నెలలకి జుట్టు ఊడుతుంది, టెన్షన్ పడకండి, చాలామందికి మళ్లీ వస్తుంది. పెళ్లిళ్లలో మాత్రం "ఇంతేనా తినేది" అని విస్తట్లో వడ్డించేస్తారు, ఇంట్లోవాళ్లే అడ్డుపడాలి.

చెన్నై వెళ్లడం మంచిదా అని ఒంగోలు వాళ్లు అడుగుతున్నారు. వెళ్లొచ్చు, అక్కడ అనుభవం ఉన్న సర్జన్లు ఉన్నారు. కాకపోతే రక్తపరీక్షలు ఇక్కడే చేయించి రిపోర్టులు పంపితే చూస్తారా, తెలుగులో మాట్లాడే డైటీషియన్ ఎన్ని నెలలు ఫోన్‌లో దొరుకుతారు అన్నది ఒప్పుకోకముందే అడిగి తెలుసుకోండి.