కాలిన హార్డ్‌డిస్క్ బోర్డు: డయోడ్ తీయడమా, బోర్డు మార్చడమా, ల్యాబ్‌కు ఇవ్వడమా - ఏది మేలు?

విడి పెట్టెలో వచ్చే 3.5 అంగుళాల హార్డ్‌డిస్క్‌కు సాధారణంగా 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది, ల్యాప్‌టాప్‌కు 19 వోల్టులది ఉంటుంది. రెండూ నల్లగానే ఉంటాయి, ఒకే బల్ల కింద చిక్కుపడి ఉంటాయి, చాలాసార్లు దీని పిన్ను దాని రంధ్రంలో చక్కగా దూరిపోతుంది. డిస్క్ బోర్డు (డిస్క్ అడుగున మరలతో బిగించి ఉండే సర్క్యూట్ పలక) కాలడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కరలేదు. ఒక కంపెనీ మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె, కేబుళ్లు విడిగా ఊడివచ్చే రకం) కేబుల్‌ను మరో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కు తగిలించి 5 వోల్టుల తీగలోకి 12 వోల్టులు పంపినవారూ ఉన్నారు. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగి, 230 వోల్టులు రావలసిన ఇంట్లోకి 400కు చేరువగా వచ్చినప్పుడు, ఎస్‌ఎంపీఎస్ తాను పేలుతూ డిస్క్‌ను కూడా తీసుకుపోవడం మన ఊళ్లలో కొత్త సంగతి కాదు. ఆ తరువాత ముందుండే దారులు మూడు: షార్ట్ అయిన డయోడ్‌ను తీసివేయడం, అలాంటిదే మరో బోర్డు తెచ్చి అమర్చడం, డేటా రికవరీ ల్యాబ్‌కు అప్పగించడం. చాలామంది వీటిని ఖర్చును బట్టి పోల్చుకుంటారు గానీ, బోర్డు మీద ఏది కాలిందన్నదాన్ని బట్టి పోల్చుకోవలసిన విషయమిది.

పోలికకు ముందు ఒక పరీక్ష ఉంది. అడాప్టర్ మారిపోయిన సందర్భంలో మొదటి దెబ్బ డిస్క్ కంటే ముందు పెట్టెలోని యూఎస్‌బీ బోర్డుకు తగులుతుంది కాబట్టి, డిస్క్‌ను పెట్టెలోంచి తీసి నేరుగా కంప్యూటర్‌లోని సాటా కేబుల్‌కు (డిస్క్‌లను మదర్‌బోర్డుకు కలిపేది) కలిపి చూడాలి. కొన్ని పెట్టెల బోర్డులు డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తాయి, అంటే ఆ బోర్డు లేకుండా చదవలేని సంకేతాలుగా మార్చి రాస్తాయి. అలాంటి డిస్క్ నేరుగా కలిపినప్పుడు ఖాళీదానిలా కనిపిస్తుంది, విండోస్ వెంటనే ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది. అక్కడ ఒప్పుకుంటే, బోర్డు కాలినా చెక్కుచెదరని డేటాను మన చేతులతో మనమే పోగొట్టుకున్నవాళ్లమవుతాం.

ఇక డయోడ్ సంగతి. బోర్డు మీద పవర్ కనెక్టర్‌కు దగ్గరగా 5 వోల్టుల దారికి ఒకటి, 12 వోల్టుల దారికి ఒకటి చొప్పున టీవీఎస్ డయోడ్‌లు ఉంటాయి (బండ్ల కంపెనీతో వీటికి సంబంధం లేదు). హద్దు మీరిన వోల్టేజీ వచ్చినప్పుడు దాన్ని గ్రౌండ్‌కు మళ్లించడం వీటి పని, మరీ ఎక్కువైతే తామే షార్ట్ అయిపోతాయి. అప్పుడు డిస్క్ తగిలించి ఉన్నంతసేపూ కంప్యూటర్ అసలు లేవదు, తీస్తే మామూలుగా లేస్తుంది. ఈ లక్షణం నిజానికి శుభసూచకం, ఎందుకంటే డయోడ్ తన పని చేసి పోయి ఉండవచ్చు. నిర్ధారించుకోవడానికి డిస్క్‌ను దేనికీ కలపకుండా సాటా పవర్ కనెక్టర్‌లోని 7, 8, 9 పిన్నుల (5 వోల్టులు) నుండి, 13, 14, 15 పిన్నుల (12 వోల్టులు) నుండి 4, 5, 6 పిన్నులకు (గ్రౌండ్) మల్టీమీటర్‌తో నిరోధం కొలవాలి. దాదాపు సున్నా ఓంలు చూపిన దారిలో షార్ట్ ఉన్నట్టు లెక్క. ఆ దారిలోని డయోడ్‌ను తీసివేసి మళ్లీ కొలిచినప్పుడు షార్ట్ పోతే, నమ్మకమైన ఎస్‌ఎంపీఎస్‌తో డిస్క్‌ను నడిపి, అదే పూట డేటా అంతా కాపీ చేసుకోవచ్చు. కాపీ చేసుకోవడానికి కొత్త డయోడ్ కూడా అక్కరలేదు, కాకపోతే ఈసారి తప్పు వోల్టేజీ వస్తే అడ్డుకునేది ఏదీ ఉండదు.

ఈ పద్ధతి అన్నిటికంటే చవక, అన్నిటికంటే తక్కువ ప్రమాదం, అయితే దీని హద్దు కూడా స్పష్టం. డయోడ్ తీసినా షార్ట్ పోకపోయినా, మోటారును తిప్పే చిప్ మీద బొబ్బలేచి కన్నం కనిపించినా, ఇక ఆ బోర్డుకు కరెంటు ఇచ్చి చూడకూడదు. పాత డిస్క్‌లు చాలావాటిలో ‘స్మూత్’ అని రాసి ఉండే ఈ చిప్ కాలిందంటే రెండో దారి ఆలోచించాలి. (చాలా బోర్డుల్లో విడిభాగాలు లోపలి వైపుకు తిరిగి ఉంటాయి కాబట్టి, నక్షత్రం గంటున్న టార్క్స్ మరలు విప్పితే తప్ప ఇవేవీ కంటికి కనిపించవు.)

రెండో దారి మీదనే అపోహలు ఎక్కువ. అదే మోడల్ డిస్క్ మరొకటి కొని బోర్డు మార్చేస్తే సరిపోతుందన్న మాట ఇరవై ఏళ్ల కిందటి డిస్క్‌లకు చాలావరకు నిజమే కావచ్చు గానీ, ఇప్పటివాటికి వర్తించదు. ఒక్కొక్క డిస్క్ హెడ్‌లకు (డేటాను చదివే, రాసే భాగాలు), పళ్లేలకు (డేటా ఉండే గుండ్రటి పలకలు) తగినట్టు ఫ్యాక్టరీలో సరిచేసిన విలువలు బోర్డు మీది రోమ్‌లో (కరెంటు పోయినా సమాచారాన్ని నిలుపుకునే చిప్) ఉంటాయి. వేరే డిస్క్ విలువలతో నడిపితే ఇది టక్‌టక్‌మని కొట్టుకుంటుందే తప్ప తెరుచుకోదు. కాబట్టి మోడల్ పేరు కలిస్తే చాలదు, బోర్డు మీద ముద్రించిన నంబరు కలవాలి (వెస్టర్న్ డిజిటల్‌లో 2060తో, సీగేట్‌లో 100తో మొదలయ్యేది), ఆపైన రోమ్‌ను పాత బోర్డు నుండి కొత్తదానికి మార్చాలి. ఇది సాధారణంగా ఎనిమిది కాళ్ల చిన్న చిప్, వెస్టర్న్ డిజిటల్ బోర్డుల్లో చాలావరకు యూ12 అన్న చోట ఉంటుంది. ఆ చోటు ఖాళీగా ఉంటే రోమ్ ప్రధాన చిప్ లోపలే ఉన్నట్టు. అప్పుడు ఇంటి దగ్గర చేయగలిగినది ఏమీ లేదు.

సెల్‌ఫోన్ల చిప్ లెవెల్ రిపేరు చేసేవారి దగ్గర హాట్ ఎయిర్ (వేడి గాలితో టంకం కరిగించే పరికరం) ఉంటుంది, వారికి ఈ చిప్ మార్చడం పది నిమిషాల పని. అయినా నేరుగా చిప్‌ను పీకించడం కంటే, సీహెచ్341ఏ వంటి చవక ప్రోగ్రామర్‌తో (చిప్‌లోని సమాచారాన్ని చదివే, రాసే చిన్న పరికరం) ముందు అందులోని సమాచారాన్ని రెండుమూడుసార్లు చదివించి, అన్నిసార్లూ ఒకేలా వస్తే ఫైలుగా దాచిపెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. వేడి ఎక్కువై చిప్ పోయినా, కొరియర్‌లో బోర్డు పోయినా, ఆ చిన్న ఫైలు లేకపోతే ల్యాబ్‌వారి పని కూడా ఎన్నో రెట్లు కష్టమవుతుంది. బోర్డు బిగించే ముందు హెడ్‌లకు కలిసే పలకల మీది నల్లదనాన్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడవాలి.

ల్యాబ్ ఖర్చు కొత్త డిస్క్ ధరకు ఎన్నో రెట్లు కావచ్చు, అందుకే అందరికీ అదే మేలని చెప్పలేం. దెబ్బ బోర్డును దాటి డిస్క్ లోపల హెడ్‌ల దగ్గరుండే ప్రీయాంప్‌కు (హెడ్‌ల బలహీన సంకేతాన్ని పెంచే చిప్) తగిలితే మాత్రం ఎన్ని బోర్డులు మార్చినా లాభం లేదు. దుమ్ములేని గదిలో మూత తెరిచి హెడ్‌లు మార్చాలి, ఆ పని ల్యాబ్‌లో తప్ప కుదరదు. ఇచ్చే ముందు డేటా రాకపోతే ఎంత తీసుకుంటారో, ఆ గది వారిదేనో లేక డిస్క్‌ను మరో ఊరికి పంపుతారో అడగాలి. అంతకుముందు మనం చేసిన ప్రయత్నాలు ఒక్కటీ దాచకుండా చెప్పాలి.

షార్ట్ ఒక్క డయోడ్‌తోనే తీరిపోతే మొదటి దారి మేలు, డేటా ఎంత విలువైనదైనా సరే. మోటారు చిప్ కాలి, రోమ్ విడిగా ఉండి, పోతే బాధపడి ఊరుకోగలిగిన సినిమాలూ పాటలే ఉంటే రెండోది ప్రయత్నించవచ్చు. మరో కాపీ లేని పెళ్లి వీడియోలు గానీ, వ్యాపారం లెక్కలు గానీ ఉంటే బోర్డు కొనకుండానే ల్యాబ్‌కు వెళ్లాలి. బోర్డుకే యూఎస్‌బీ కనెక్టర్ అతికించి ఉన్న 2.5 అంగుళాల డిస్క్‌లను మాత్రం నేను విడిగా చూస్తాను: వాటికి 5 వోల్టుల దారి ఒక్కటే కాబట్టి డయోడ్ పరీక్ష ఇంకా తేలిక, కానీ చాలావాటిలో ఎన్‌క్రిప్షన్ చిప్ కూడా అదే బోర్డు మీద ఉంటుంది కాబట్టి, ఆ పరీక్ష ఫలించకపోతే రెండో దారిని వదిలేసి ల్యాబ్‌కే ఇవ్వాలి.