వెనక డ్రమ్ బ్రేకులు, హ్యాండ్ బ్రేక్: వ్యాగన్ఆర్‌తో ఏళ్ల తరబడి తిరిగాక

మా వ్యాగన్ఆర్‌కి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. కొన్నప్పటి నుంచీ విజయవాడలోనే తిరుగుతోంది. చిన్న కారుకి వెనక కూడా డిస్కులుంటే మేలు కదా అని చాలామంది అడుగుతుంటారు. నా అనుభవంలో ఈ బరువు బండికి డ్రమ్ములు హాయిగా సరిపోతాయి. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వాలుతుంది కాబట్టి ఎక్కువ పని ముందు డిస్కులే చేస్తాయి. అందుకే వెనక లైనర్లు (డ్రమ్ముకి రాసుకుని బండిని ఆపే పొరలు) అంత త్వరగా అరగవు. అసలు తేడా వచ్చేది అడ్జస్ట్‌మెంట్ దగ్గర. అది సరిగ్గా కుదిరితే ఇంత నమ్మకమైన బ్రేకు ఇంకోటి లేదు. కుదరకపోతే మాత్రం రోజూ టెన్షనే.

మన ఊళ్లో హ్యాండ్ బ్రేక్‌కి పరీక్షలు తక్కువేం కాదు. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపులు చూడండి, కొన్నిచోట్ల నిట్టనిలువుగా ఉంటాయి. పైన గేటు తీసేదాకా సగం ర్యాంపు మీద ఆగాలి. మొగల్రాజపురం కొండవారన సందుల్లోనూ అదే పరిస్థితి. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీద ముందు బండి ఆగితే, వెనక బండికి మనకి మధ్య జానెడు ఖాళీ కూడా ఉండదు. అక్కడ లివర్ లాగగానే కారు కదలకుండా నిలబడాలి.

హ్యాండ్ బ్రేక్ పైదాకా వస్తోందంటే చాలా గ్యారేజీల్లో చేసే పని ఒకటే. లివర్ మొదట్లో ఉండే కేబుల్ నట్టు బిగించి పంపేస్తారు. ఐదు నిమిషాల్లో అయిపోతుంది, లివర్ కూడా గట్టిగా తగులుతుంది. మా కారుకి ఒకచోట అలాగే చేశారు. కొన్నాళ్లకి బ్రేకు పెడల్ లోతుకు దిగడం మొదలైంది. మొదటిసారి తొక్కితే కిందికి పోతుంది, వెంటనే రెండోసారి తొక్కితే పైనే ఆగుతుంది. వెనక షూస్‌కి (లైనర్ అతికించి ఉండే వంపు ముక్కలు), డ్రమ్ముకి మధ్య ఖాళీ పెరిగిందనడానికి ఇది మంచి గుర్తు. పైపుల్లో గాలి చేరినా ఇలాగే ఉంటుంది కాబట్టి రెండూ చూడాలి.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, మేమంతా బాబాయ్ అని పిలుస్తాం. ఆయన లివర్ జోలికి పోకుండా నేరుగా వెనక జాకీ పెట్టారు. "ముందు షూస్ సంగతి చూద్దాం బాబూ, కేబుల్ ఎక్కడికీ పోదు" అన్నారు. డ్రమ్ ఊడదీసి చూపిస్తే విషయం అప్పుడు అర్థమైంది. పెడల్ తొక్కితే వీల్ సిలిండర్ షూస్‌ని బయటికి నెడుతుంది. హ్యాండ్ బ్రేక్ లాగితే కేబుల్ లోపలి చిన్న లివర్‌ని లాగి అవే షూస్‌ని నెడుతుంది. లైనర్ అరిగేకొద్దీ పెరిగే ఖాళీని పూడ్చడానికి మధ్యలో పళ్లున్న అడ్జస్టర్ ఉంటుంది. అది తన పని తాను చేసుకోవాలంటే, హ్యాండ్ బ్రేక్ దించినప్పుడు కేబుల్ పూర్తిగా వదులవ్వాలి. కేబుల్‌ని ముందే బిగించేస్తే ఆ లివర్ ఎప్పుడూ కాస్త లాగినట్టే ఉంటుంది, షూస్ తమ చోటికి పూర్తిగా రావు, అడ్జస్టర్ కదలదు. అరిగినదంతా కేబుల్ మీద పడుతుంది.

అందుకే నేను ఒకే వరస పాటిస్తాను. చదునైన చోట ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద చెయ్యి పెట్టకండి. మొదట కేబుల్ నట్టు వదులు చేయాలి. తర్వాత డ్రమ్ తీసి లైనర్ మందం చూడాలి, 1 మి.మీ. దగ్గరికి వచ్చిందంటే మార్చాల్సిందే. వీల్ సిలిండర్ రబ్బరు అంచు ఎత్తి తడి ఉందేమో చూడాలి. లోపలి పొడిని గాలితో ఊదనివ్వకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. అడ్జస్టర్‌ని శుభ్రం చేసి, డ్రమ్ ఎక్కించి, పెడల్‌ని కొన్నిసార్లు గట్టిగా తొక్కితే షూస్ తమ చోట కుదురుకుంటాయి. చక్రం చేత్తో తిప్పితే సన్నగా రాసుకున్న చప్పుడు రావచ్చు కానీ పట్టేసినట్టు ఉండకూడదు. కేబుల్ బిగించడం ఇదంతా అయ్యాకే. మా కారుకి ఆరేడు క్లిక్కుల్లో రెండు చక్రాలూ సమానంగా పట్టేలా పెట్టించుకుంటాను. మీ కారుకి ఎన్ని క్లిక్కులో మాన్యువల్‌లో ఉంటుంది. లివర్ దించాక రెండు చక్రాలూ స్వేచ్ఛగా తిరుగుతున్నాయో లేదో మళ్లీ చూడాలి. ఈ ఒక్కటీ చాలామంది వదిలేస్తారు.

మంగళగిరి దాకా వెళ్లొచ్చాక రెండు వెనక చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తాను, తాకకుండా దగ్గరగా. ఒక వైపు వేడి ఎక్కువగా కొడితే అక్కడ షూ పట్టి ఉన్నట్టే.

ఇక నీళ్ల సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా కారు కాస్త ఎత్తులో ఉండబట్టి చక్రాల వరకే మునిగింది. నీళ్లు తీశాక హ్యాండ్ బ్రేక్ దించినా వెనక చక్రం కదల్లేదు. తుప్పుతో షూ డ్రమ్ముకి అతుక్కుపోయింది. డ్రమ్ ఊడదీస్తే లోపల ఒండ్రు మట్టి మెత్తగా, గోధుమరంగులో, స్ప్రింగుల చుట్టలు కనిపించనంతగా పేరుకుంది. అడ్జస్టర్ పళ్ల మధ్య కూడా అదే. కడిగి, తుప్పు గీకి, స్ప్రింగులు కొత్తవి వేయించాం. వరద నీళ్లలో నిలిచిన కారు ఏదైనా సరే, బ్రేకు బాగానే పడుతోందని వదిలేయకండి, డ్రమ్ములు తెరిపించి చూడండి. మురుగునీళ్లు చక్రాల మధ్యదాకా వచ్చే రోడ్ల మీద రోజూ తిరిగేవాళ్లకీ ఇదే మాట.

వేసవిలో ఎక్కువ దూరం వచ్చి, డ్రమ్ము కాలిపోతున్నప్పుడు లివర్‌ని బలమంతా పెట్టి లాగకూడదు. డ్రమ్ము చల్లారి కుదించుకున్నాక షూస్ బిగుసుకుంటాయి. అవసరమైనంతే లాగి, గేరులో వేసి, చక్రానికి ఇటుక పెడితే నిశ్చింత. ఎక్కువ రోజులు ఊరు వెళ్తే, చదునైన చోట హ్యాండ్ బ్రేక్ అసలు వేయకుండా గేరు, ఇటుక మీదే వదిలేస్తాను.

వెనక డ్రమ్ములున్న కారే మళ్లీ కొంటాను. సర్వీసుకి ఇచ్చినప్పుడు మాత్రం జాబ్ కార్డు మీద "వెనక డ్రమ్ములు తీసి చూడాలి, ఆ తర్వాతే హ్యాండ్ బ్రేక్ అడ్జస్ట్ చేయాలి" అని దగ్గరుండి రాయిస్తాను.