గుంటూరులో కిచెన్ రీమోడలింగ్ చేయించేవాళ్ళకు: టైల్స్ వెనక వైర్లు జాగ్రత్త

వంటింట్లో పాత టైల్స్ తీయించి కొత్తవి వేయించుకునేవాళ్ళు, మాడ్యులర్ అల్మరాలు పెట్టించుకునేవాళ్ళు కాంట్రాక్టరుకి చివరి వాయిదా ఇచ్చే ముందు ఇది చదవండి. అతని పేరు రాయడం లేదు. ఇలా చేసేది అతనొక్కడే కాదని తర్వాత వచ్చిన ఎలక్ట్రీషియన్ చెప్పాడు.

మాది బ్రాడీపేటలో పాత ఇల్లు. వైరింగంతా గోడలో పైపుల్లోంచే పోతుంది. టైల్స్ ఊడదీసేటప్పుడు చిప్పింగ్ మిషన్ ఒక పైపుకి తగిలి లోపల వైరు తెగింది. అక్కడిదాకా నాకు కోపం లేదు. గోడలో పైపు ఎటు పోయిందో ఎవరికి కనపడుతుంది? కానీ తెగిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, కొసలు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, పైన సిమెంటు పూసి, దాని మీద టైలు అంటించేశారు. గొడవంతా అక్కడే.

కొన్నాళ్ళు ఏమీ తెలియలేదు. తర్వాత ఇండక్షన్ స్టవ్ ఆగి ఆగి పనిచేయడం మొదలైంది. కంపెనీ మనిషి వచ్చి స్టవ్‌లో లోపమేమీ లేదన్నాడు. ఒకరోజు మా అత్తయ్య గట్టు తుడుస్తూ, “ఈ టైలేంటమ్మా ఇంత వేడిగా ఉంది, స్టవ్ అవతల ఉంటే?” అంది. చెయ్యి పెట్టి చూశాను. చుట్టూ టైల్స్ చల్లగా ఉన్నాయి, అదొక్కటే అప్పుడే టీ పోసిన గ్లాసులా ఉంది. కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే, “పాత ఇల్లు కదా మేడమ్, పాత వైరింగ్ అలాగే ఉంటుంది. మా కొటేషన్లో ఎలక్ట్రికల్ పని లేదు” అన్నాడు.

ఇక లాభం లేదని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని వేరేగా పిలిపించాం. ఆయన మెయిన్ ఆపి ఆ టైలు పగలగొట్టించాడు. పైపు నలిగిపోయి ఉంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల ఎర్ర వైరు మధ్యలో లైట్లకి వాడే సన్న వైరు ముక్క అతికించారు. టేపు కరిగి ముద్దయింది, దాని కింద రాగి నల్లబడింది.

మరి ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే పడిపోయే స్విచ్) ఎందుకు పడలేదని అడిగాను. 2000 వాట్ల స్టవ్ 9 ఆంపియర్ల దాకా లాగుతుంది, 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే. వదులుగా ఉన్న జాయింటు దగ్గర వేడి పుడుతుందే తప్ప కరెంటు ఎక్కువ పోదు కాబట్టి ఎంసీబీకి తెలియదు. భూమిలోకి లీకేజీ లేకపోతే ఆర్‌సీసీబీకీ (కరెంటు లీకైతే లైను తెంపే స్విచ్) తెలియదు. అంటే అది అంటుకునేదాకా ఏదీ ఆపదన్నమాట. ఈ మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజం చెప్తున్నా.

ఇంకో ఘనకార్యం డీబీ (ఈ స్విచ్‌లన్నీ ఉండే పెట్టె) మూత తీస్తే బయటపడింది. పని జరిగేటప్పుడు ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోయేది. తడి సిమెంటులోకి ఆ టేపు జాయింటు లీకవడం వల్లేనని ఇప్పుడు అర్థమైంది. “ఇది పాతదైపోయింది మేడమ్, నేను సరిచేస్తాలే” అని వాళ్ళ మనిషి చేసిన పని ఏంటంటే, లైనుని ఆర్‌సీసీబీకి తగలకుండా నేరుగా ఎంసీబీలకు కలిపేయడం. మూత పెట్టేస్తే అన్నీ సవ్యంగానే కనపడతాయి. 30 మిల్లీఆంపియర్లు లీకైతే లైను తెంపి మనిషిని కాపాడాల్సిన వస్తువుని బొమ్మలా కూర్చోబెట్టారు. ఇంట్లో పెద్దవాళ్ళు, పిల్లలు తడి చేతులతో తిరిగే వంటిల్లు!

ఇది మీరూ ఇప్పుడే చూసుకోవచ్చు. ఆర్‌సీసీబీ మీద ‘టి’ అని చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే స్విచ్ కిందికి పడి, దాని మీదున్న లైన్లన్నిటికీ కరెంటు పోవాలి. స్విచ్ పడకపోయినా, పడ్డాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉన్నా మీ ఇంట్లోనూ అది చెడిపోయిందనో, ఎవరో చెయ్యి పెట్టారనో అనుమానించండి.

తెగిన వైరుని బాగుచేసే పద్ధతి వేరు. నలిగిన పైపు ముక్క కోసేసి, కప్లింగులతో కొత్త ముక్క వేసి, స్ప్రింగుతో ఒక బాక్సు నుంచి ఇంకో బాక్సు దాకా ఒకే వైరు లాగాలి. గోడలో పూడ్చేసే జాయింటు ఉండకూడదు. జాయింటు తప్పనిసరైతే మూత తీసి చూడగలిగే బాక్సులో, కనెక్టరుతో వేయాలి. మా ఇంట్లో ఆయన ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడూ కొత్తవే లాగాడు. లైను ఆపి, ఆ లైను మీదున్న వస్తువులన్నీ ప్లగ్గుల్లోంచి తీసేసి, 500 వోల్టుల మెగ్గర్ (వైరు తొడుగులోంచి కరెంటు లీకవుతుందేమో చూసే మీటరు) పెట్టి చూశాకే టైలు వేయనిచ్చాడు. రీడింగ్ 1 మెగాఓమ్ కంటే తక్కువ వస్తే ఒప్పుకోవద్దన్నాడు. చేతిలో టెస్టర్ వెలిగించి “కరెంటు వస్తోందిగా” అనేవాణ్ణి మాత్రం నమ్మకండి. మా సన్న ముక్కలోంచి కూడా కరెంటు చక్కగానే వచ్చింది.

పని మొదలుపెట్టకముందే ప్రతి స్విచ్చూ, ప్లగ్గూ పనిచేస్తున్నట్టు వీడియో తీసి పెట్టుకోండి. పాత వైరింగ్ మీదికి నెట్టకుండా అదొక్కటే ఆపుతుంది. టైల్స్ తీశాక సిమెంటు పూయకముందు గోడలన్నీ ఫోటోలు తీయండి. పనిలో వైరింగ్ దెబ్బతింటే బాగుచేసే ఖర్చు కాంట్రాక్టరుదేనని ఒప్పందంలో ఒక్క లైను రాయించండి. తెల్లకాగితం మీద లెక్కలు కాకుండా జీఎస్టీ బిల్లు అడగండి, రేపు గొడవొస్తే చేతిలో ఉండాల్సింది అదే. ఇంటి లోపలి వైరింగ్ గురించి కరెంటాఫీసుకు వెళ్తే లాభం లేదు, వాళ్ళ బాధ్యత మీటరు దాకానే.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషనే. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు 2 ఏళ్ళు. అందుకే పగలగొట్టిన టైలు ముక్కలు, ఆ కరిగిన జాయింటు కవర్లో వేసి దాచాను. చివరి వాయిదాలో రిపేరు ఖర్చు పట్టుకుని మిగతాది ఇస్తానన్నాను. అతను మొత్తం కావాలంటున్నాడు. ఇంకా ఇవ్వలేదు.