ఉచితంగా దొరికే పాత క్రైస్తవ పుస్తకాల లైబ్రరీ: ఏళ్ల తరబడి వాడాక

మా ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో వాక్యం చెప్పే సేవకుల్లో చాలామందికి సొంత పుస్తకాలంటే ఒక బైబిలు, ఒక కీర్తనల పుస్తకం, కూటాల్లో ఎవరో పంచిన చిన్న పుస్తకాలు ఒకటో రెండో. బైబిలును వచనం వచనంగా వివరించే మంచి వ్యాఖ్యానం సెట్టు కొనాలంటే వేలల్లో మాట. అలాంటివాళ్లు అడిగినప్పుడు నేను మొదట చెప్పే పేరు క్రిస్టియన్ క్లాసిక్స్ ఎథీరియల్ లైబ్రరీ అనే వెబ్‌సైటు. సీసీఈఎల్ అంటారు. సండే స్కూలు పాఠానికైనా, యౌవనుల కూడికకైనా కొన్నేళ్లుగా నేను సిద్ధపడేది దీంతోనే.

దీన్ని 1993లో హ్యారీ ప్లాంటింగా అనే కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ మొదలుపెట్టారు. తర్వాత అమెరికాలోని కాల్విన్ కాలేజీలో పెరిగి పెద్దదయింది. అగస్టీను, థామస్ ఎ కెంపిస్, బన్యన్, వెస్లీ, స్పర్జన్ లాంటి పాతకాలపు క్రైస్తవ రచయితలందరూ ఉన్నారు. తొలి సంఘ పితరుల (మొదటి శతాబ్దాల క్రైస్తవ బోధకుల) రచనలు 38 సంపుటాలు పూర్తిగా ఉన్నాయి. కాపీరైట్ గడువు తీరిన పుస్తకాలే ఎక్కువ కాబట్టి డౌన్‌లోడ్ చేసుకుని, సేవ కోసం ఇంకొకరికి ఇవ్వడానికి మనసులో జంకు ఉండదు. ఈ ఒక్క సంగతీ నాకు చాలా విలువైనది. దొంగ పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో తిప్పుతూ దేవుని వాక్యం బోధించడం నాకు మొదటినుంచీ నచ్చదు.

పాత పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్‌లో చాలాచోట్ల దొరుకుతాయి. దీని ప్రత్యేకత వేరు. ఇక్కడ చాలా పుస్తకాలు ఫొటోల కట్టలుగా ఉండవు. అక్షరాలుగా మార్చి, తప్పులు దిద్ది, లోపల వచ్చే బైబిలు వచనాలకు గుర్తులు పెట్టారు. అందుకే చాలా పుస్తకాల చివర వచనాల సూచిక ఉంటుంది. రోమా 8వ అధ్యాయం మీద పాఠం చెప్పాలనుకోండి. అగస్టీను పుస్తకం తెరిచి, సూచికలో రోమా 8 దగ్గర నొక్కితే ఆయన ఆ వచనాన్ని ఎత్తుకున్న పేజీకే తీసుకెళ్తుంది. వందల పేజీల పుస్తకంలో నాకు కావలసిన పేరా నిమిషంలో నా ముందుంటుంది. ఈ పని చేసినవాళ్ల ఓపికకు నిజంగా దండం పెట్టాలి.

నేను ఎక్కువగా వాడేది మాథ్యూ హెన్రీ వ్యాఖ్యానం. ఆయన 1714లో చనిపోయేనాటికి అపొస్తలుల కార్యముల వరకే రాశారు. రోమా పత్రిక నుంచి ప్రకటన వరకు, ఆయన నోట్సు కూడా చూసుకుని, వేరే పాస్టర్లు పూర్తిచేశారు. కీర్తనల మీద ఆయన రాసినంత లోతు ఆఖరి పత్రికల దగ్గర కనపడకపోతే కారణం అదే.

ఫోన్‌లో చదివేవాళ్లకు ఒక సలహా. పీడీఎఫ్ జోలికి పోకండి. చిన్న తెర మీద అక్షరాలు పెద్దవి చేస్తే లైను సగం బయటికి పోతుంది, కళ్లు లాగేస్తాయి. తెరకు తగ్గట్టు లైన్లు సర్దుకునే ఈపబ్ ఫైలు దొరికితే అదే దించుకోండి, అక్షరం సైజు మన ఇష్టం. సిగ్నల్ సరిగా అందని ఊళ్ల సేవకులకు నేను మెమరీ కార్డులో వేసి ఇస్తాను.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇంగ్లిష్, అదీ పాత ఇంగ్లిష్. డిగ్రీ చదివినవాళ్లు కూడా ఒక్కో వాక్యం దగ్గర ఆగిపోతారు. మొదటిసారి చదివేవాళ్లకు బ్రదర్ లారెన్స్ రాసిన చిన్న పుస్తకం ఇవ్వండి, వంటగదిలో పనిచేస్తూ దేవునితో నడిచిన మనిషి మాటలు కాబట్టి తొందరగా ఎక్కుతాయి. ఇంకొకటి, ఇక్కడ అన్ని శాఖలవాళ్లూ పక్కపక్కనే ఉంటారు. 16వ శతాబ్దపు సంస్కర్త జాన్ కాల్విన్ పసిపిల్లల బాప్తిస్మాన్ని గట్టిగా సమర్థిస్తాడు. విశ్వసించాకే బాప్తిస్మం ఇచ్చే మాలాంటి బాప్టిస్టు సంఘాల పిల్లలు ఎవరి సాయమూ లేకుండా చదివితే కంగారుపడతారు. పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మన తెలుగు బాప్టిస్టుల కథకు ఇలాంటి చోటు లేకపోవడం. 1840లో నెల్లూరుకు వచ్చిన మిషనరీ శామ్యూల్ డే, 1866లో ఒంగోలులో స్థిరపడిన మిషనరీ జాన్ క్లౌ, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్న బాప్తిస్మాలు... వీటి గురించి డేవిడ్ డౌనీ అనే మిషనరీ, క్లౌ రాసిన పాత పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత వెబ్‌సైటులో ఉన్నాయి. కానీ స్కాన్లుగా. క్లౌ కంటే ముందే తన ఊళ్లల్లో ప్రార్థన మొదలుపెట్టిన ఎర్రగుంట్ల పేరయ్య గురించి వెతకాలంటే మెషీన్ చదివిన, ఎవరూ దిద్దని అక్షరాల మీదే ఆధారపడాలి. ఆయన వల్ల విశ్వాసంలోకి వచ్చిన కుటుంబాల మనవళ్లు, మునిమనవళ్లు ఇక్కడే ఉన్నారు. వాళ్లకు ఈ కథ వెతుక్కోగానే దొరకాలి, అదీ తెలుగులో దొరకాలి.

మా యౌవనులు కొందరు ఒక పాత తెలుగు ప్రసంగాల పుస్తకాన్ని ఇప్పుడు అక్షరాల్లోకి మారుస్తున్నారు. మెషీన్ చదివినదాన్ని అలాగే వదిలేస్తే కుదరదు. పాత అచ్చులో 'వ', 'ప' కలిసిపోతాయి, 'మ' కాస్తా 'య' అవుతుంది, వత్తులు ఊడిపోతాయి. ఒకరు చదువుతుంటే ఇంకొకరు అసలు పేజీ చూస్తూ దిద్దుతున్నారు. పేజీకి చాలా సమయం పడుతోంది, అయినా చేయదగ్గ పని.

మీ ఇంట్లో, సంఘంలో అటకమీద అలాంటి పుస్తకం ఉంటే స్కాన్ తీయండి. రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటితే మన దేశంలో కాపీరైట్ అడ్డురాదు. తీసేటప్పుడు పుస్తకం పేరు అచ్చయిన లోపలి మొదటి పేజీ (టైటిల్ పేజీ), దాని వెనక పేజీ తప్పకుండా తీయండి. రచయిత పేరు, ప్రెస్సు, సంవత్సరం సాధారణంగా అక్కడే ఉంటాయి. అవి లేకపోతే ఆ పుస్తకాన్ని పంచవచ్చో లేదో తేల్చడం చాలా కష్టం.