మోదుగ పూలకు ఏ లెన్సు మేలు?

అడవి పూల ఫొటోల పాఠాలు నెట్‌లో చూస్తే అన్నిట్లోనూ ఒకటే మాట: నేల మీద బోర్లా పడుకోండి, మాక్రో (చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే లెన్సు) తగిలించండి. ఇంగ్లండ్ పాత అడవుల్లో అది నిజమే. ఏప్రిల్, మే నెలల్లో పైచెట్ల ఆకులు దట్టంగా కమ్ముకోకముందే అక్కడ నేలంతా బ్లూబెల్స్ అనే నీలి పూలు పూస్తాయి. బెంగళూరులో తెల్లారకముందే బండి తీసి సావనదుర్గ కొండ దారి పట్టే మనకు ఆ పాఠం తలకిందులు. మన వసంతం నెత్తి మీద ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిల్లో ఆకు రాల్చేసిన మోదుగ కొమ్మలకే పూలు. ఊళ్లో ఉన్నప్పుడు మోదుగంటే నాకు విస్తరాకే, పువ్వు మీద చూపే పడలేదు! ఇక్కడ దారి అడిగేటప్పుడు మాత్రం ‘ముత్తుగ’ అనండి, కన్నడవాళ్లకు అదే తెలుసు.

100 ఎంఎం మాక్రోతో చెట్టు కింద నిలబడితే మెడనొప్పే మిగులుతుంది. రాలిన పువ్వు దొరికితే అప్పుడు మాక్రో తడాఖా చూడాలి: చిలక ముక్కులా వంగిన రేక, దాని మీది సన్నని నూగు, మొదట్లో మఖమల్‌లా ముదురు రంగు తొడుగు. ‘కింశుకం’ (‘ఇది చిలకా?’) అనే సంస్కృతం పేరు ఎందుకొచ్చిందో అప్పుడు తెలుస్తుంది.

ఫోను చెట్టు మొత్తానికి బాగుంటుంది. చిక్కంతా రంగుతోనే. మోదుగ ఎరుపు, వెలుగును పట్టే సెన్సారుకు ఎక్కువైపోయి రేకల గీతలు మాయమై, పువ్వు కాషాయపు ముద్దలా కనిపిస్తుంది. తెర మీది పువ్వుపై వేలు పెట్టి వెలుగు బాగా తగ్గించండి. కెమెరా అయితే రా ఫైలు (కుదించని ఫొటో), వెలుగు (ఎక్స్‌పోజర్) మైనస్ మూడింట రెండు వంతుల స్టాపు.

నా ఓటు దూరాన్ని దగ్గర చేసే 70-300 ఎంఎం జూముకే. పైకొమ్మ అందుతుంది, తేనె కోసం వచ్చే గోరింకలు బెదరవు. అన్నిటికీ మించి వెనక ఏముండాలో మనమే ఎంచుకోవచ్చు. తెల్లటి ఆకాశం ముందు ఈ పూలు నల్లబడిపోతాయి. నాలుగడుగులు పక్కకు జరిగి, నీడలో ఉన్న బండ వెనక్కి వచ్చేలా నిలబడితే అవే పూలు నిప్పుల్లా వెలుగుతాయి. లెన్సు రంధ్రం (అపర్చరు) ఎఫ్/8, గాలికి కొమ్మ ఊగుతుంది కాబట్టి షట్టరు వేగం సెకనులో 500వ వంతు. పొద్దుటి ఎండ రేకల వెనక నుంచి పడాలి.

ఎండలు ముదిరితే కార్చిచ్చు భయంతో అటవీశాఖ కొన్ని కొండదారులు మూసేస్తుంది, ముందే కనుక్కోండి. మూసినా బెంగ లేదు. రోడ్డు మీద నిలబడే పొలం గట్టు మీది చెట్టును జూము అందుకుంటుంది. మాక్రో ఆ పూట సంచీలోనే ఉంటుంది.