ఆర్చ్‌టాప్ గిటార్ పైపలక: ఏ సంగీతానికి ఏ చెక్క

పన్నెండేళ్లుగా నేను హాలోబాడీ ఆర్చ్‌టాప్ గిటార్లే, అంటే లోపల బోలుగా, పైపలక వంపు తిరిగి ఉండే గిటార్లే వాయిస్తున్నాను. ఎన్నో చేతులు మారగా చివరికి నా దగ్గర మూడు వాద్యాలు నిలిచాయి. ఒకదానికి స్ప్రూస్ దిమ్మను చెక్కి చేసిన పైపలక ఉంది, రెండోదానికి మేపుల్ పొరలను అతికించి అచ్చులో ఒత్తిన పైపలక ఉంది, మూడోది కెనడా అడవి చెర్రీ పొరలతో తయారైన గోడిన్ ఫిఫ్త్ ఎవెన్యూ. మూడింటినీ గదిలోనూ, వేదిక మీదా, రికార్డింగులోనూ వాయించిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. కొనేవారు ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: మీ గిటార్ ధ్వని శ్రోతకు నేరుగా గాలిలో చేరుతుందా, లేక పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం), కేబుల్, యాంప్ (ధ్వనిని పెంచే పెట్టె) దాటుకుని చేరుతుందా? చెక్క ఎంపిక చాలావరకు ఆ జవాబుతోనే తేలిపోతుంది.

ముందు చెక్కిన స్ప్రూస్ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ వాద్యం పుట్టిందే దానితో. వయొలిన్ పలకలా వంపు తిప్పి చెక్కిన పైపలకతో మాండొలిన్లు, గిటార్లు చేయడం ఆర్విల్ గిబ్సన్ 19వ శతాబ్దం చివరలో మొదలుపెట్టారు. ఆయన పేరుతో నడిచిన గిబ్సన్ కంపెనీలో లాయిడ్ లోర్ వాద్యాల రూపకల్పన చేస్తున్న రోజుల్లో, 1922లో, ఎఫ్ ఆకారపు రంధ్రాలతో ఎల్-5 గిటార్ వచ్చింది. 1934లో అదే కంపెనీ తెచ్చిన సూపర్ 400 గిటార్ వెడల్పు 18 అంగుళాలు. యాంప్‌లు వాడుకలోకి రాకముందు బాకాలు, డ్రమ్స్ ఉన్న పెద్ద బ్యాండులో గిటార్ వినబడాలంటే అంత పెట్టె కావలసి వచ్చింది, దాన్ని కదిలించగల తేలికైన చెక్క కూడా కావలసి వచ్చింది. సిట్కా స్ప్రూస్ ఘనమీటరుకు దాదాపు 425 కిలోలు తూగితే, గట్టి మేపుల్ దాదాపు 700 కిలోలు తూగుతుంది. అంత తేలికైనదై ఉండి కూడా, నార పొడవునా స్ప్రూస్ చాలా బిగువుగా ఉంటుంది. అందువల్ల తీగ నుంచి బ్రిడ్జ్ (తీగలను పలక మీద మోసే ముక్క) ద్వారా వచ్చిన కొద్దిపాటి శక్తికే పలక అంతా ఒక్కసారి కదులుతుంది.

దీని ఫలితం స్వింగ్ (పెద్ద బ్యాండుల కాలపు జాజ్) రిథమ్‌లో స్పష్టంగా తెలుస్తుంది. 1937 నుంచి కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ పద్ధతిలో, రెండు మూడు తీగల కార్డును (ఒకేసారి మోగే స్వరాల గుంపును) బీటుకొకటి చొప్పున కొట్టి, వెంటనే ఎడమచేతి వేళ్ల పట్టు కాస్త సడలించి చూడండి. చెక్కిన స్ప్రూస్ మీద ఆ కార్డు చప్పట్లా ఠక్కున పుడుతుంది, మరుసటి బీటుకు చోటు వదిలి అంతే త్వరగా అణగిపోతుంది. పొరల పలక మీద అదే కార్డు పుట్టడానికి రవ్వంత జాగు చేస్తుంది. యాంప్ లేకుండా వాయించే స్వింగ్‌కు, గాయకుడి పక్కన ఒంటరిగా కూర్చుని వాయించడానికి, మైకు పెట్టి రికార్డు చేయడానికి చెక్కిన స్ప్రూస్‌ను మించినది నాకు కనబడలేదు.

స్ప్రూస్‌లో రకాలున్నాయి. ఎర్ర స్ప్రూస్ గట్టిగా కొట్టినా చెదరదనీ, ఎంగిల్‌మన్ మెత్తని స్పర్శకే పలుకుతుందనీ, సిట్కా ఈ రెండింటి నడుమ ఉంటుందనీ వాయించేవాళ్లు చెప్పుకుంటారు. అందులో నిజం ఉంది కానీ, ఒకే రకం చెక్కతో ఇద్దరు పనివాళ్లు చేసిన గిటార్ల మధ్య అంతకంటే పెద్ద తేడా విన్నాను. పలకను నడుమ ఎంత మందంగా వదిలారు, అంచుల్లో ఎంత పలుచగా తీశారు, లోపల బ్రేసులు (పలకకు ఊతంగా అతికించే చెక్క పట్టీలు) సమాంతరంగా అతికించారా లేక ఎక్స్ ఆకారంలో అతికించారా అన్నవి అక్కడ పనిచేస్తాయి. సమాంతర బ్రేసింగ్ ధ్వనికి పదును ఇస్తుంది, ఎక్స్ బ్రేసింగ్ గుండ్రదనం ఇస్తుంది. సెడార్ పలక ఆర్చ్‌టాప్‌లలో అరుదు. వేళ్లతో మృదువుగా వాయించేవారికి బాగుంటుంది, పిక్‌తో గట్టిగా వాయించేవారికి నేను సూచించను.

ఇంత సున్నితంగా కదిలే పలకే పెద్ద శబ్దం మధ్య ఇబ్బంది పెడుతుంది. ఒక చిన్న వేదిక మీద డ్రమ్స్ పక్కన, యాంప్‌కు నాలుగడుగుల దూరంలో కూర్చుని నా స్ప్రూస్ గిటార్ వాయిస్తుండగా, ఆరో తీగ మూడో ఫ్రెట్‌లోని (మెడ మీది మూడో మెట్టులోని) జి స్వరం దానంతట అదే ఊళ పెట్టడం మొదలుపెట్టింది. యాంప్ నుంచి వచ్చిన ధ్వని పలకను కదిలిస్తే, పలక తీగను కదిలిస్తే, ఆ కదలిక మళ్లీ పికప్ ద్వారా యాంప్‌కు చేరి పెరుగుతూ పోతుంది. అరచేతి అంచుతో ఆ తీగను అదిమిపెట్టుకునే ఆ రాత్రి కచేరీ పూర్తి చేశాను. జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ వాయించిన ఎల్-5 సీఈఎస్‌లో (ఎల్-5 ఎలక్ట్రిక్ రకంలో) చెక్కిన స్ప్రూస్ పలకనే కోసి పికప్‌లు బిగించారు. ఆ బరువు వల్ల పలక కొంత అదుపులో ఉంటుంది, కానీ యాంప్ లేనప్పటి ధ్వని ఆ మేరకు తగ్గుతుంది. పలకను తాకకుండా పిక్‌గార్డుకో (పిక్ గీతల నుంచి పలకను కాపాడే రేకుకో) మెడ చివరకో పికప్ తగిలిస్తే ఆ ధ్వని దక్కుతుంది, ఊళ బెడద మాత్రం మిగిలే ఉంటుంది.

పొరల మేపుల్‌ను ఇప్పటికీ చవక సరుకుగా చూసేవారున్నారు. ఈ చిన్నచూపు సరికాదని నా గట్టి అభిప్రాయం. 1949లో గిబ్సన్ పొరల మేపుల్ పలకతో ఈఎస్-175 తెచ్చింది. జో పాస్, జిమ్ హాల్, పాట్ మెథీనీ వంటి జాజ్ గిటారిస్టులు దాని మీద వాయించారు, జాజ్ గిటార్ అనగానే మన చెవుల్లో మెదిలే ధ్వనిలో ఆ పొరల పాలు చాలా ఉంది. బరువైన పలక త్వరగా కదలదు కాబట్టి శక్తి తీగలోనే ఎక్కువసేపు నిలుస్తుంది, పికప్‌కు మూలస్వరం నిండుగా, గజిబిజి లేకుండా అందుతుంది. ఫ్లాట్‌వౌండ్ (నునుపైన చదును చుట్టు ఉన్న) తీగలు వేసి, టోన్ నాబ్ సగానికి తగ్గించి, ఒక్కో స్వరంగా సోలో వాయిస్తే ప్రతి స్వరం ముత్యంలా విడిగా వినిపిస్తుంది. రాకబిలీకి (తొలినాటి రాక్ అండ్ రోల్‌కు), గట్టిగా వాయించే బ్లూస్‌కు కూడా ఇదే తగినది. గిటారిస్టు చెట్ అట్కిన్స్ పేరుతో వచ్చి ఎడ్డీ కాక్రన్ చేతిలో రాక్ అండ్ రోల్ వాయించిన గ్రెచ్ 6120 పైపలక కూడా పొరల మేపులే. యాంప్ లేకుండా మాత్రం నా మేపుల్ గిటార్ పక్క గదిలోకి కూడా వినబడదు.

చెర్రీ పలకతో వచ్చిన గోడిన్‌ది మరో దారి. పికప్ లేని రకమూ ఉంది, పీ-90 పికప్ ఉన్న కింగ్‌పిన్ రకమూ ఉంది. ధ్వని పొడిగా, మధ్యస్థాయి స్వరాలు ముందుకు వచ్చేలా, తొందరగా ఆగిపోయేలా ఉంటుంది. వేళ్లతో వాయించే పాతకాలపు బ్లూస్‌కు ఈ పొడితనం ఎంతో నప్పుతుంది, అందుకే నేను రోజూ చేతిలోకి తీసుకునేది దీన్నే. లోతైన మంద్రస్వరాలు ఆశించేవారికి మాత్రం నిరాశ తప్పదు.

కొనేటప్పుడు చెక్క రకాన్ని మాటల మీద నమ్మవద్దు. ఒక విక్రేత చెక్కిన స్ప్రూస్ అని చెప్పి అమ్మిన గిటార్‌ను నేను ఇంటికి తెచ్చాక, ఎఫ్ రంధ్రం అంచు మీద టార్చి వేసి చూస్తే మూడు పొరలు బిస్కెట్ నడుమ క్రీములా విడివిడిగా కనిపించాయి. అసలు చెక్కిన పలక అయితే పైన కనిపించే నార గీతలు అంచు మందంలోకీ తెగకుండా దిగుతాయి. అంచుకు రంగు పూసినా, బైండింగ్ (అంచును కప్పే పట్టీ) వేసినా అద్దం లోపలికి పెట్టి పలక అడుగు భాగం చూడాలి. ఘనమైన చెక్కనే వేడితో వంచిన పలకలు కూడా వస్తుంటాయి. అవి చెక్కినవాటితో సమానం కాకపోయినా, వాటిలో బాగా పలికేవి ఉన్నాయి.

చెక్కిన స్ప్రూస్ కొన్నవారు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి, పొడిగాలికి నార వెంట పగుళ్లు వస్తాయి. తీగల విషయంలోనూ జాగ్రత్త అవసరం. కాంస్యపు తీగలు గాలిలో మెరుపుగా పలుకుతాయి కానీ, అయస్కాంతపు పికప్ వాటి చుట్టును సరిగా పట్టుకోలేదు, లావు తీగలు నీరసంగా, సన్న తీగలు పెద్దగా వినిపిస్తాయి. ఆ ఊళ పెట్టిన రాత్రి తరువాత నా స్ప్రూస్ గిటార్‌ను అమ్మేద్దామనుకున్నాను. ఇప్పుడు దానికి కాంస్యపు తీగలు వేసి, ఎఫ్ రంధ్రానికి ఒక అడుగు దూరంలో మైకు పెట్టి, ఇద్దరం ముగ్గురం కలిసి వాయించే చిన్న కచేరీలకు మాత్రమే తీసుకెళుతున్నాను. డ్రమ్స్ ఉన్న చోటికి మేపుల్ గిటార్ వెళుతుంది.