ఉప్సాలా: ఆర్చ్‌బిషప్ గారి వీధి, మా దుప్పట్ల బిల్లు

స్వీడన్‌లోని ఉప్సాలా వెళ్లేవాళ్లకు ముందే ఒక మాట. గది బుక్ చేసేటప్పుడు పక్కబట్టలు అద్దెలో కలిసే ఉన్నాయా అని అడిగి, జవాబు మెసేజ్‌లో తెప్పించుకోండి. మేం తీసుకున్న అపార్ట్‌మెంట్‌కి రెండు రాత్రులకు 2,400 క్రోనాలు ముందే కట్టాం. అప్పట్లో క్రోనా ఎనిమిది రూపాయల పైచిలుకు. తాళం ఇచ్చేటప్పుడు చల్లగా చెప్పాడు ఇంటాయన: దుప్పటి, దిండు గలీబు, తువ్వాలు కావాలంటే మనిషికి 150, ఖాళీ చేశాక శుభ్రం చేసినందుకు 600. బుకింగ్‌లో ఈ ముక్క ఎక్కడా లేదు. ఫోన్ తీసి చూపించాను. "ఇక్కడ అది మామూలే" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే మా ఆవిడకు ఒళ్లు మండింది.

అమ్మ మాత్రం వాదించలేదు. "ఒరేయ్, రెండు రాత్రులు కప్పుకోడానికి మనిషికి పన్నెండొందల రూపాయలా?" అంటూ సూట్‌కేసు తెరిచి, ఎక్కడికెళ్లినా వెంట తెచ్చుకునే రెండు దుప్పట్లు మంచం మీద పడేసింది. ఇంకోదాని బదులు మా ఆవిడ శాలువా. అలా 450 మిగిలాయి. గచ్చు తుడిచి, గిన్నెలు కడిగి, చెత్త వేరుచేసి పెట్టినా ఆ 600 మాత్రం వదల్లేదు.

అసలు అంతదూరం వెళ్లింది అమ్మ కోసమే. ఆమెది గుంటూరులోని లూథరన్ కుటుంబం, ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ అది. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ అమెరికా నుంచి గుంటూరు వచ్చిన కథ వింటూ పెరిగిన మనిషి. అదే లూథరన్ శాఖకు చెందిన స్వీడన్ చర్చికి పెద్ద అయిన ఆర్చ్‌బిషప్ ఉండే ఇల్లు ఉప్సాలాలో, అక్కడి పెద్ద చర్చి కేథడ్రల్‌కి దగ్గర్లోనే ఓడిన్స్‌లుండ్ అనే పచ్చటి చోట ఉంది. లోపలికి పోనివ్వరు. టికెట్ కొని చూసే మ్యూజియం కాదది, ఆర్చ్‌బిషప్ నివాసం. అమ్మ మొహం చిన్నబోయింది. 1914 నుంచి 1931 దాకా ఆర్చ్‌బిషప్‌గా ఉన్న నాథన్ సోడర్‌బ్లోమ్‌కి 1930లో నోబెల్ శాంతి బహుమతి వచ్చిందని, 1922లో మన దేశపు క్రైస్తవ ప్రచారకుడు సాధు సుందర్ సింగ్ ఆయన్ని కలవడానికి ఈ ఊరొచ్చాడని చెప్పాక కాస్త తేరుకుంది. గేటు ముందు మూడు ఫొటోలు తీయించుకుంది.

కేథడ్రల్‌కి ప్రవేశం ఉచితం. ఎత్తు 118.7 మీటర్లు, పొడవూ అంతే. సోడర్‌బ్లోమ్ సమాధి లోపలే ఉంది, మొక్కలకు పేర్లు పెట్టిన లినేయస్‌దీ. ప్రధాన బలిపీఠం వెనక ఒకప్పుడు మరియమాతకు అంకితమైన గది ఉండేది. దాన్నే రాజు గుస్తావ్ వాసా తన సమాధి గదిగా చేసుకున్నాడు. దాని ముందు మామూలు బట్టల్లో, తలకు గుడ్డ కట్టుకుని ఒకావిడ నిలబడి లోపలికి చూస్తోంది. అమ్మ కాసేపు ఆగి, "కొంచెం జరుగమ్మా" అంది తెలుగులోనే. ఆవిడ జరగలేదు. అది 2005లో పెట్టిన మరియ విగ్రహం! పక్కనున్న జర్మన్ ముసలాయన ఫక్కున నవ్వాడు, అమ్మా నవ్వేసింది. మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చింది అదే.

కరోలినా రెడివీవా లైబ్రరీలో ఆరో శతాబ్దపు వెండి బైబిల్ ఉంది, ఊదారంగు తోలు మీద వెండి అక్షరాలు. తప్పక చూడండి. కొండ మీద కోట మాత్రం బయటినుంచి చాలు. అక్కడి బురుజు మీద ఫిరంగులు కేథడ్రల్ వైపే గురిపెట్టి ఉంటాయి, రాజుకీ బిషప్‌లకీ ఎప్పుడూ పడేది కాదట మరి. పక్కనే గునిల్లా గంట పొద్దున ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి మోగుతుంది. వేసవిలో తొమ్మిదికీ పట్టపగల్లాగే ఉంటుంది.

భోజనం మధ్యాహ్నమే కానిచ్చేయండి. "దాగెన్స్ లంచ్" (ఆ రోజు భోజనం) అని బోర్డు ఉన్నచోట మాకు మనిషికి 135 అయింది, అందులోనే సలాడ్, బ్రెడ్, కాఫీ. రాత్రి అదే హోటల్లో ఒక్క చేప వంటకానికే 235.

ఆర్లండా ఎయిర్‌పోర్ట్ నుంచి ఉప్సాలాకి రైలెక్కితే టికెట్‌తో పాటు స్టేషన్ రుసుము కూడా పడుతుంది. 801 నంబరు బస్సు ఎక్కండి. బస కూడా స్టాక్‌హోమ్‌లోనే పెట్టుకుంటే నయం, అక్కడినుంచి ఉప్సాలా రైల్లో నలభై నిమిషాలే.